చదువుకు సద్దు కావాలట

పుంగనూరులో మా చెల్లెలి ఇంట్లోకి వెళ్ళాలంటే ముందు మోటార్ల అంగడి దాటాలి. బోర్లలోంచి పైకి లాగిన కాలిన మోటార్లు వాకిట్లోనే పడి ఉంటాయి. మా మరిది వాటి లోపల మాడిపోయిన తీగ పీకేసి కొత్త రాగి తీగ చుడతాడు. అంగడి వెనక నడవ, నడవ పక్కన ఒక చిన్న గది. పోయిన చదువుల ఏడాదంతా ఆ గదిలోంచి పొద్దునా సాయంత్రం ఒక ఆడపిల్ల గొంతు వినిపిస్తూనే ఉండేది. పదో తరగతిలో ఉన్న మా చెల్లెలి పెద్ద కూతురిది ఆ గొంతు. ఏం చదువుతోందో ఆ ఇంట్లో ఒక్కరికీ తెలియదు. చదువుతోందని మాత్రం అందరికీ తెలుసు, ఎందుకంటే సద్దు వస్తోంది.

ఆ ఇంట్లో చదువంటే సద్దే. గొంతు వినపడితే చదువు. వినపడకపోతే నిద్ర, లేకపోతే ఫోను, లేకపోతే ఆడపిల్లల విషయంలో పైకి అనకూడని ఇంకేదో.

ఇలా ఎందుకయిందో నాకు తెలియక కాదు. పిల్లది ఇంగ్లీషు మీడియం. మరిది హైస్కూలు మధ్యలో మానేసి స్పానర్లు పట్టుకున్నాడు. మా చెల్లెలు తెలుగు మీడియంలో పది పాసయి ఆగింది, అంటే ఆపారు. చెల్లెలి అత్తకు సంతకం కూడా రాదు. పుస్తకం తెరిచి ఇది తప్పు, ఇది ఒప్పు అని చెప్పే దారి ముగ్గురికీ లేదు. చూసి చెప్పలేరు కనుక వినడం మొదలుపెట్టారు. అంతవరకూ నాకు కోపం లేదు. ఆ వినడాన్నే పిల్లకు తాము చేసే పెద్ద సాయం అనుకున్నారు చూడండి, అక్కడ మండుతుంది నాకు. కాపలాకూ సాయానికీ తేడా తెలియని ప్రేమ అంటే నాకు ఒళ్ళు మంట.

కాపలా వంతులు కూడా ఉండేవి. పొద్దున వంటింట్లోంచి చెల్లెలు వినేది. సాయంత్రం గడప మీద కూర్చుని చెనక్కాయలు ఒలుస్తూ అవ్వ, అంటే చెల్లెలి అత్త, వినేది. సెలవు రోజుల్లో పగలంతా మరిది. మోటార్లు తెచ్చిన రైతులు కూడా వినేవాళ్ళు. గంగవరం వైపు నుంచి వచ్చిన ఒకాయన బెంచీ మీద కూర్చుని తల ఊపుతూ, "నీ బిడ్డ బాగా సదువుతాండాది కదప్పా!" అంటే, మా మరిది ముఖంలో వెలుగు చూడాలి. ఆ పూట మోటారు తొందరగా బాగయ్యేది.

లోపల సద్దు ఆగిందా, అవ్వ కేక వేసేది. "ఏమ్మే! ఏమైంది? సద్దు లేదే!"

లోపలినుంచి వెంటనే గొంతు లేచేది. ఎక్కడ ఆగిందో అక్కడినుంచి కాదు, నోటికి ఏది వస్తే అక్కడినుంచి. నేను వెళ్ళినప్పుడల్లా చెవి పెట్టి విన్నాను. కిరణజన్య సంయోగక్రియ పాఠం మధ్యలో గుండె గదులు వచ్చేవి, గుండె గదులనుంచి ఆమ్లాలు, క్షారాలు. అవ్వకు అన్నీ ఒకటే. భజన జరుగుతోంది, చాలు.

నా సంగతి చెప్పాలి. నేను మదనపల్లెలో ఉంటాను. బి.యస్సీ. చదివి అక్కడే ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పాను. ఆ బడిలో ల్యాబు తనిఖీ వచ్చిన రోజు మాత్రమే తెరిచేవాళ్ళు. తాళం ఇవ్వమని అడిగి, ఇవ్వనంటే పోట్లాడి, చివరికి బయటికి వచ్చేశాను. ఇప్పుడు ఇంట్లో ట్యూషన్లు చెబుతాను. నా నోరు మంచిది కాదన్న ఒక్క విషయంలో మాత్రం పుట్టింటివాళ్ళూ అత్తింటివాళ్ళూ ఏకమయ్యారు. ఉండనీ. మంచి నోళ్ళు ఆ పిల్లకు చేసిన మేలు కూడా చూశాను కదా.

ఆ పిల్ల చిన్నప్పుడు అంగడిలోనే పెరిగింది. తీగ ఉండ పట్టుకుని నాన్న పక్కన కూర్చునేది. "యాల కాలిపోతాది నాయనా మోటారు?" అని అడిగితే మా మరిది విసుక్కోకుండా చెప్పేవాడు. కరెంటు తక్కువ వస్తే ఏమవుతుందో, బోరులో నీళ్ళు లేకుండా ఆడితే ఏమవుతుందో, చెయ్యి పట్టుకుని వేడి మోటారు మీద పెట్టించి చెప్పేవాడు. ఒకసారి నేను వెళితే ఆ పిల్ల మేకుకు తీగ చుట్టి, బ్యాటరీకి తగిలించి, గుండుసూదులు ఎత్తి చూపించింది. ఎవరూ నేర్పలేదు. నాన్న చేతులు చూసి చేసింది. ఇంకాస్త చుడితే ఇంకాసిన్ని సూదులు లేస్తాయా అని నన్ను అడిగింది. నేను ట్యూషను చెప్పే పిల్లల్లో ఒక్కరూ ఈనాటివరకూ నన్ను అడగని ప్రశ్న అది.

హైస్కూలుకు రాగానే మా మరిది, "ఇంక నువ్వు అంగట్లోకి రావద్దు. మసి మనకొద్దు. లోపల కూర్సోని సదువుకో" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు, నాకు తెలుసు. పనులన్నీ తప్పించారు. పొయ్యి దగ్గరికి రావద్దు, నీళ్ళు పట్టొద్దు, తీగ ముట్టొద్దు. చేతికి ఏదీ అందకుండా చేసి, కళ్ళ ముందు పుస్తకం ఒక్కటి పెట్టి తలుపు వేశారు. దీన్ని మా వైపు పిల్లకు సౌకర్యం కల్పించడం అంటారు. ఆ పిల్లకు సైన్సు ఎక్కడినుంచి వస్తోందో ఆ గుమ్మమే మూసేశామని ఆ ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

పదో తరగతి మొదట్లోనే మా మరిది తేల్చి చెప్పాడు. ప్రీఫైనల్ పరీక్షల్లో సైన్సు మార్కులు చూస్తాడట. బాగా వస్తే ఇంటర్‌లో పిల్ల అడిగిన ఎంపీసీ, మదనపల్లెలో, మా ఇంట్లో ఉండి. రాకపోతే పుంగనూరులోనే సీఈసీ. "సైన్సు రానిదానికి సైన్సు గ్రూపు ఏంటికి ఒదినా? లెక్కాపత్రం నేర్సుకుంటే అంగట్లోకైనా పనికొస్తాది." పిల్ల ఆ మాట అక్కడే నిలబడి విన్నది. ఆ రోజునుంచి దాని గొంతు ఇంకొంచెం పెరిగింది.

దసరా సెలవుల్లో గరిటె గొడవ జరిగింది. పుటాకార దర్పణం పాఠం బుర్రకెక్కడం లేదని పిల్ల నాకు ఫోన్ చేస్తే, కొత్త స్టీలు గరిటె ఒకటి తీసుకుని దాని లోపలివైపు చూడు, ముఖానికి దగ్గరగా పెట్టి మెల్లగా దూరం జరుపు అని చెప్పాను. అది చేస్తోంది. చేసేటప్పుడు నోరు మూసుకునే ఉంటుంది కదా. అవ్వ చెవికి సద్దు తెగింది. లేచి వెళ్ళి తలుపు తోసింది. తర్వాత ఇల్లు ఎగిరిపోయేటట్టు అరిచిందట.

"ఒరే నాయనా, రా, వచ్చి సూడు! నేను సదువుతాందని అనుకుంటే, ఈమె గరిటెలో మొగం సూసుకుంటాండాది! వయసు అట్లాంటిది, మీరు కనిపెట్టుకోండి!"

"మొగం కాదవ్వా, తలకాయ యెప్పుడు కిందుమీదవతాదో సూస్తాండా."

"యెవురి తలకాయ?"

"నాదే అవ్వా."

"అదే నేనూ చెప్తాండా! నీ తలకాయ యెప్పుడో కిందుమీదయ్యింది!"

చెల్లెలు ఇది నాకు ఫోన్‌లో చెప్పి నవ్వింది. నేను నవ్వలేదు. గరిటె ఏమైందే అన్నాను. వంటింట్లోకి పోయిందక్కా అంది. అంతే, ఆ ఇంట్లో దర్పణం పాఠం అక్కడితో అయిపోయింది.

అర్ధ సంవత్సర పరీక్షల పేపర్లు ఇచ్చాక వెళ్ళాను. సైన్సులో పాసు మార్కులకు కొంచెం పైన వచ్చింది. పేపరు చూస్తే నా గుండె మండింది. వస్తువును దర్పణానికి బాగా దగ్గరగా పెడితే ప్రతిబింబం ఎలా ఉంటుందో పటం గీసి చూపమని ప్రశ్న. ఈ పిల్ల దర్పణం అంటే ఏమిటి, ఎన్ని రకాలు, ఉపయోగాలు ఏమిటి అని గుక్క తిప్పుకోకుండా పేజీలు రాసింది. పటం లేదు. రాసిన ఇంగ్లీషులో తప్పు లేదు. అడిగినదానికి జవాబూ లేదు.

"పటం యాల వేయలేదే?" అని అడిగాను.

పిల్ల తల దించుకుంది. "పటం యెప్పుడూ ఇంట్లో వేయలేదు పెద్దమ్మా. వేస్తాంటే సద్దు రాదు గదా. అవ్వ అరస్తాది."

ఈ మాట విన్న తర్వాత కూడా కోపం రాని మనిషి ఉంటే ఆ మనిషికి నా నమస్కారం. సైన్సులో సగం నోరు మూసుకుని చేసేది. పటం, లెక్క, సమీకరణం తుల్యం చేయడం, ఇదెందుకు ఇలా అయిందని గోడ వైపు చూస్తూ కూర్చోవడం. ఆ సగాన్ని ఈ ఇల్లు నేరం చేసి పెట్టింది. బడి మాత్రం ఏం తక్కువ? అక్కడ స్టడీ అవర్‌లో పిల్లలందరూ ఒకేసారి గట్టిగా చదవాలి. వరండాలో నడిచే ప్రిన్సిపాలుకు హోరు వినపడాలి. ఏ గదిలో హోరు తగ్గితే ఆ గది టీచరుకు చీవాట్లు. ఇంట్లో అవ్వ, బడిలో ప్రిన్సిపాలు. ఒకరికి అక్షరం రాదు, ఇంకొకాయన గోడనిండా పట్టాలు. చెవులు మాత్రం ఇద్దరివీ ఒకటే.

నేను మరిదితో చెప్పాను. ఆయన నా మాట విని, ఆలోచించి, కుప్పంలో ఉన్న తన అక్కకు ఫోన్ చేశాడు! ఆమె కొడుకు ఇంజనీరు. బెంగళూరులో ఉద్యోగం. ఆ ఇంటిల్లిపాదికీ చదువు విషయంలో ఆమె మాటే చివరి మాట. స్పీకరు పెట్టి వినిపించాడు.

"మావాడు సదివితే వీధి కొస దాకా ఇనపడేదిరా. నీ బిడ్డది గొంతు సాలదు. పిల్లిపిల్ల మాదిరి గొణిగితే సైన్సు యెట్ల వస్తాది? గట్టిగా సదవమను."

గట్టిగా చదివించారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఒక వింత. గొంతు ఒక్క క్షణం తెగడం లేదు. అవ్వ కేకలు తగ్గాయి. బడిలో పెట్టే చిన్న పరీక్షల్లో సైన్సు మార్కులు మెల్లగా పైకి రావడం మొదలైంది. మా మరిది నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు. "సూసినావా ఒదినా? మా అక్క చెప్పింది నిజమే. గట్టిగా సదివితే వస్తాది." నేను నోరెళ్ళబెట్టాను. నిజంగానే అర్థం కాలేదు.

క్రిస్మస్ ముందు ఒక ఆదివారం అర్థమైంది. నేను అక్కడే ఉన్నాను. అవ్వ గడప మీద చేటలో చెనక్కాయలు పెట్టుకుని ఒలుస్తోంది. పక్కనే నేను. బెంచీ మీద వెంకటగిరికోట నుంచి మోటారు తెచ్చిన ఒక రైతు. గదిలోంచి చదువు ధారగా సాగుతోంది, జీర్ణవ్యవస్థో ఏదో. ఉన్నట్టుండి ఆ చదువు మధ్యలో లోపలినుంచి ఇంకో గొంతు గట్టిగా వినిపించింది.

"ఏమ్మే! పొయ్యి మీద పాలు పొంగుతాండాయి, మీ అమ్మను పిలు!"

అది అవ్వ గొంతు. అవ్వ నా పక్కన కూర్చుని ఉంది. నోట్లో చెనక్కాయ గింజ ఉంది.

అవ్వ చేతిలోని చేట జారింది. కాయలన్నీ వాకిట్లో దొర్లాయి. "అమ్మా! నేను ఈడుంటే నా గొంతు లోపల యెట్ల ఉండాది?" అని రెండు చేతులూ గుండె మీద పెట్టుకుంది. రైతు ముందు భయపడ్డాడు. తర్వాత ఆపుకోలేక నవ్వాడు. "ఏమవ్వా, నీకు ఇద్దురు ఉండారా? ఒకరు గడప కాడ, ఒకరు లోపల?"

మా మరిది చేతిలో పని వదిలి వెళ్ళి తలుపు తీశాడు. కిటికీలో ఆయన పాత ఫోను ఉంది, గాజు పగిలినది. అటకమీది డబ్బాలో పడేసిన ఆ ఫోనును పిల్ల తీసి బాగుచేసుకుంది. తన గొంతుతో పాఠాలు చదివి రికార్డు చేసి పెట్టుకుంది. ఎప్పుడో రికార్డు చేస్తుండగా బయటినుంచి అవ్వ వేసిన కేక కూడా అందులోకి ఎక్కింది. ఫోను చదువుతోంది. పిల్ల నేల మీద బోర్లా పడుకుని, స్కేలూ పెన్సిలూ పెట్టుకుని, కటకంలోంచి వెళ్ళే కిరణాలు గీస్తోంది. చుట్టూ పటాలే. కొట్టేసి మళ్ళీ గీసినవి, సరిగ్గా వచ్చిన తర్వాత పక్కన నక్షత్రం గుర్తు పెట్టుకున్నవి.

నాకు ఆ క్షణంలో ఆ పిల్లను ఎత్తుకోవాలనిపించింది. వాళ్ళ నాన్నకు పటాలు కనిపించలేదు. ఫోను కనిపించింది.

"మోసం! ఇంట్లో అందరి చెవుల్లో పూలు పెట్టినావు! ఊళ్ళోవాళ్ళు వచ్చి నా బిడ్డ సదువుతాండాదని పొగుడుతాంటే నేను సంబరపడతాండా. నువ్వు ఫోనుకు సదువు చెప్తాండావా?"

"నేనూ సదువుతాండా నాయనా. నోరు మూసుకోని గమ్మున సదువుతాండా."

"గమ్మున సదివేది యాడన్నా ఉండాదా?"

నేను మధ్యలోకి వెళ్ళాను. మార్కులు పెరిగింది ఈ ఫోను వల్లే, అంటే ఈ ఫోను దానికి ఇచ్చిన మౌనం వల్ల అని అరిచాను. అవును, అరిచాను. ఇంటిల్లిపాదినీ ఒక పద్ధతిలో కాక నానా రకాలుగా తిట్టాను కూడా. మా మరిది నన్ను చూడకుండా అన్నాడు, "ఒదినా, నీ దగ్గిర ట్యూషనుకు వచ్చే పిలకాయల్ని నువ్వు సూసుకో. నా బిడ్డను నేను సూసుకుంటా."

వంటింట్లోకి వెళితే చెల్లెలు గోడకానుకుని ఉంది. నువ్వైనా చెప్పవేమే అన్నాను. "అది గమ్మునుంటే నాకు భయమక్కా. లోపల ఏమనుకుంటాందో తెలీదు. గొంతు ఇనపడతాంటే బిడ్డ ఉండాదని ధైర్యం" అంది. దాని మీద మాత్రం అరవలేకపోయాను. కానీ కోపం తగ్గలేదు. అమ్మ ధైర్యం కోసం పిల్ల బుర్ర పనిచేయడం మానేయాలా?

జనవరి సెలవులు రాగానే పిల్లను కుప్పం పంపించారు. మేనత్త దగ్గరుండి చదివిస్తుందట. కొన్ని రోజులకు నేను ఫోన్ చేస్తే పిల్ల మాట్లాడింది. మాట్లాడింది అనడం తప్పు, గాలి వచ్చింది. ఆ మధ్యాహ్నమే మదనపల్లెలో బస్సెక్కాను.

ఆ ఇల్లు రైలు పట్టాలకు దగ్గర. వరండాలో చాప మీద పిల్ల. మెడకు తడి గుడ్డ, పక్కన ఉప్పునీళ్ళ చెంబు, మిరియాల పాల గ్లాసు. గొంతు చినిగిపోయి వినిపిస్తోంది. రైలు వెళ్ళింది. మేనత్త లోపలినుంచి, "రైలు పోతాండాది, ఇంకా గట్టిగా!" అంది. పిల్ల కళ్ళలో నీళ్ళు. అవి బాధకు కావు, గొంతు పెగలక వచ్చినవి.

మేనత్త చెడ్డ మనిషి కాదు. మిరియాలు స్వయంగా దంచి పాలు కాచి ఇస్తోంది, రాత్రి పిల్ల పక్కనే పడుకుంటోంది. ఇంత ప్రేమగా గొంతు కోసేవాళ్ళను నేను ఎక్కడా చూడలేదు.

"ఏమమ్మా, మీ అబ్బాయి బెంగళూరు ఆఫీసులో కూడా వీధి కొసకు ఇనపడేట్టు అరస్తాడా?" అని అడిగాను.

"ఆఫీసులో యాల అరస్తాడమ్మా? పని చేసుకుంటాడు."

"మరి ఇదీ పని చేసుకోవాల గదమ్మా. ఇది చేసేది పనే."

"పని వేరే, సదువు వేరేమ్మా. నువ్వు బి.యస్సీ. సదివినావు, ఇది కూడా తెలీదా?"

సంచి సర్దించి పిల్లను తీసుకుని బయలుదేరాను. ఆమె వెనకనుంచి తమ్ముడికి ఫోన్ చేస్తోంది. చేసుకోనీ. బస్సులో పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడవద్దని నేనే అన్నాను. నేరుగా మదనపల్లెకు తీసుకుపోదామనుకున్నాను. పుంగనూరు వచ్చేసరికి మనసు మారింది. దొంగతనంగా ఎందుకు తీసుకుపోవాలి? దిగాం.

మా మరిది అంగడిలో తీగ చుడుతున్నాడు. కుప్పం ఫోను వచ్చే ఉంటుంది, ముఖం బిగుసుకుని ఉంది. బెంచీ మీద ఇద్దరు రైతులు. నేను నోరు తెరిచాను.

ఆయన చెయ్యి ఎత్తాడు. "గమ్మునుండు ఒదినా. చుట్ల లెక్కలో ఉండా."

ఏళ్ళుగా వింటున్న మాట అది. నడవ అవతలి గది సద్దు ఆయనకు అలవాటే గానీ, తీగ చుట్టేటప్పుడు పక్కన ఎవరూ దగ్గకూడదు. అవ్వ కూడా ఆ వేళ గొంతు తగ్గిస్తుంది. రైతులు బీడీ కూడా బయటికి వెళ్ళి కాలుస్తారు. ఆ రోజు ఆ మాట నా చెవికి తగలగానే నాకేం చేయాలో తెలిసిపోయింది. పిల్ల చేతిలోని పుస్తకం లాక్కుని ఒక పేజీ తెరిచి, వీధి కొసకు వినపడేటట్టు గట్టిగా చదవడం మొదలుపెట్టాను.

"ఒదినా!"

ఇంకా గట్టిగా చదివాను. రైతులు నోరు తెరిచి చూస్తున్నారు. అవ్వ లోపలినుంచి పరుగెత్తుకొచ్చింది. ఆయన చెయ్యి ఆగింది. పెదవులు కదిలాయి, ఆగాయి. తీగ ఉండ నేలకేసి కొట్టాడు.

"లెక్క పోయినాది! నోరు మూసుకోమని చెప్తాండా గదా! మొత్తం విప్పాల ఇప్పుడు! పని చేసేటప్పుడు పక్కన అరస్తే ఏ నాకొడుకన్నా పని చేయగలడా?"

"చేయలేడు" అన్నాను. "నీకు రాగి తీగ చుట్టడానికి ఊరంతా గమ్మునుండాల. నీ బిడ్డకు మాత్రం బుర్రలో పని జరిగేటప్పుడు అదే అరస్తా ఉండాల. ఎవరో కాదు, తన గొంతుతో తన చెవిలోనే. ఏ నాకొడుకు చేయగలడప్పా?"

ఆయన కిందికి వంగి తీగ తీసుకుని చుట్టినదంతా విప్పడం మొదలుపెట్టాడు. చాలాసేపు విప్పాడు. పిల్ల వాకిట్లో నిలబడే ఉంది, మెడకు ఆ తడి గుడ్డతోనే. విప్పడం అయ్యాక ఆయన తల ఎత్తకుండా కాలితో ఒక స్టూలు ముందుకు తోశాడు.

"ఈడ కూర్సో."

ప్రీఫైనల్ దాకా ఆ పిల్ల ఆ స్టూలు మీదే చదివింది, నాన్నకు ఎదురుగా. ఆయన తీగ, ఈమె పటాలు. గొంతు బాగయ్యాక కూడా నోరు తెరవలేదు. అవ్వకు నమ్మకం లేదు. గడప మీదినుంచి కళ్ళతో కాపలా కాసింది. అది కొంత నయం. పెదవులు కదలకపోతే పేజీ అయినా తిరుగుతోందా అని చూసేది. వచ్చిన రైతులు మాత్రం ఊరుకోలేదట. "ఏమప్పా, బిడ్డ సదువు మాన్పించినావా? సద్దు లేదే?" అని అడిగేవాళ్ళు. మొదట్లో మా మరిదికి తల కొట్టేసినట్టుండేది. ఒకరోజు నేను ఉండగానే ఒకాయన అడిగితే, చేతిలో పని ఆపకుండా, "గమ్మునుండప్పా. సదువుతాండాది" అన్నాడు.

ప్రీఫైనల్‌లో సైన్సు బాగా వచ్చింది. క్లాసులో మొదటిది కాదు. నాకు అక్కర్లేదు కూడా. అడిగిన ప్రతి పటమూ వేసింది. మార్చిలో పబ్లిక్ పరీక్షల్లో కూడా అంతే. ఇప్పుడు మదనపల్లెలో ఎంపీసీ చదువుతోంది, మా ఇంట్లోనే ఉంది. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి గోడ వైపు చూస్తుంది. నేను కదిలించను.

ఇక్కడితో నా కోపం చల్లారిందనుకుంటే పొరపాటు.

మొన్న ఒక ఆదివారం ఇద్దరం పుంగనూరు వెళ్ళాం. అంగడి దగ్గరికి రాగానే లోపలినుంచి గొంతు. ఇంకో గొంతు, సన్నది. ఎనిమిదో తరగతికి వచ్చిన రెండో పిల్ల. అదే గది, అదే హోరు. అవ్వ అదే గడప మీద అదే చేటతో. బెంచీ మీద ఉన్న ఎవరో రైతుకు చెబుతోంది. "పెద్దదానికి ఊరికే రాలేదప్పా సైన్సు. నేను ఈడ కూర్సోని కాపలా కాసినా గాబట్టి వచ్చింది. ఇప్పుడు చిన్నదాన్ని కాస్తాండా."

"అత్తా! జరిగిందంతా మరిచిపోయినావా?" అన్నాను.

"అది వేరేమ్మా" అంది, ఏమీ తడబడకుండా. "పెద్దది తెలివిగలది, గమ్మునున్నా వస్తాది. ఇది గమ్మునుంటే నిద్రపోతాది. అందురికీ ఒక లెక్క కాదు గదా."

మరిది వైపు చూశాను. తీగ చుడుతున్నాడు, పెదవులు కదులుతున్నాయి. మాట్లాడే వీలు లేదు. వీలున్నా ఏమనేవాడో నాకు తెలుసు. ఒక పిల్ల విషయంలో ఒక మనిషికి బుద్ధి వచ్చిందంటే అది ఆ ఒక్క పిల్లకే. ఇంకో పిల్లకు మళ్ళీ మొదటినుంచి పోట్లాడాలి. స్టూలు అంగట్లో ఒక మూల ఉంది, దాని మీద ఎవరిదో మోటారు మూత.

పెద్దది సంచి పెట్టి, చెప్పులు విడిచి, చిన్నదాని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గొంతు ఆగింది. అవ్వ తల తిప్పేలోపే మళ్ళీ మొదలైంది, ఎక్కడా తొట్రుపాటు లేకుండా. అవ్వ సంతృప్తిగా ఇంకో కాయ ఒలిచింది.

చేతులు కడుక్కోవడానికి నేను పెరట్లోకి వెళ్ళాను. ఇద్దరు ఆడపిల్లలూ అవ్వ కంటపడకుండా నడవలోంచి జారుకుని వచ్చి, బట్టలుతికే బండ మీద కూర్చుని ఉన్నారు. చిన్నదాని చేతిలో గరిటె. ముఖానికి దగ్గరగా పెట్టి మెల్లగా దూరం జరుపుతోంది. కళ్ళు పెద్దవి చేసింది. లోపల గదిలో, ఎప్పుడు రికార్డు చేసి పెట్టారో, ఫోనులోంచి దాని గొంతు గట్టిగా సైన్సు చదువుతూనే ఉంది. అంగడిలోంచి మా మరిది ఎవరితోనో అంటున్నాడు, లెక్క అయిపోయినట్టుంది: "చిన్నదప్పా. బాగా సదువుతాండాది."

నాకు నవ్వు రాలేదు. సొంత ఇంట్లో రెండు నిమిషాలు ఆలోచించడానికి పిల్లలు దొంగదారి వెతుక్కోవాలా? అడ్డంగా నిలబడి అందరినీ పెరట్లోకి పిలిచి కడిగేద్దామని నోరు తెరిచాను.

పెద్దది నా వైపు చూసి వేలు పెదవుల మీద పెట్టింది. "పెద్దమ్మా, గమ్మునుండు. ఇప్పుడే కిందుమీదవతాండాది."

చిన్నది గరిటె మీదినుంచి కళ్ళు తీయలేదు.

నోరు మూసుకున్నాను. పోట్లాట సాయంత్రానికి దాచుకున్నాను. దర్పణం పని పూర్తికానీ.